కోడలు ఏరుకున్న టైర్లు

మా అబ్బాయికి ఉయ్యాల ఎక్కినా కడుపులో తిప్పుతుంది. బస్సెక్కాడంటే కిటికీ పక్క సీటు, చేతిలో నిమ్మకాయ, దిగేదాకా కళ్ళు మూసుకునే ప్రయాణం. అలాంటివాడు ఏరికోరి చేసుకున్న పిల్ల, పెళ్ళయి ఏడాది తిరక్కుండానే ఇంటిముందు పికప్ ట్రక్కు తెచ్చి నిలబెట్టింది. నాలుగు చక్రాలూ లాగే రకం. గుట్టలెక్కే రకం. మావాడు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "బావుంది" అని, లోపలికొచ్చి మంచినీళ్ళు తాగి కూర్చున్నాడు. ఆగి ఉన్న బండిని చూసినా వాడి సంగతి అంతే.

కోడలు పశువుల డాక్టరు. మా వీధి చివర పాల కేంద్రం, దాని పక్కనే పశువుల ఆసుపత్రి. తారురోడ్డు అక్కడితో సరి. ఆ పైన కొండదారి: రాళ్ళు, ఒక వాగు, మళ్ళీ రాళ్ళు. కొండమీద మేతభూములు, అక్కడక్కడా గొర్రెల దొడ్లు. ఆసుపత్రికి కోడలు నడిచే వెళ్తుంది. ట్రక్కు కొన్నది వారానికొకసారి ఆ దొడ్లకి వెళ్ళడానికే. ఎవరూ వద్దనే ఆ డ్యూటీని అడిగి మరీ తీసుకుంది.

"ఎందుకే నీకీ కొండ?" అంటే, "పై గొర్రెలకి డాక్టరంటే ఏంటో ఇంకా తెలీదత్తయ్యా. నన్ను చూసి పారిపోవు" అంది.

అదీ నిజమే. కింద ఆసుపత్రికొచ్చే పశువులు ఈ పిల్ల కోటు కనపడగానే పలుపులు తెంపుకుంటాయి.

అడిగిందని ఇచ్చారు గానీ, వాళ్ళ పెద్ద డాక్టరు ఒక మెలిక పెట్టాడు. గొర్రెలు ఈనేలోపల పై దొడ్లన్నిటికీ టీకాలు పడాలి. పడితే డ్యూటీ తనదే. పడకపోతే పెద్ద బండీ పెద్ద మీసాలూ ఉన్న ఇంకో డాక్టరున్నాడు, ఆయనకి వెళ్ళిపోతుంది. కోడలు మా ముందు నవ్వుతూనే చెప్పింది. కానీ ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. నేనేమీ అనలేదు. ఇంకా ఏడాది నిండని కోడలు. ఉప్పుకి తొందరేముంది.

ఇక మావారు. ఆయనది బస్సు డిపో, అందులోనూ టైర్ల సెక్షన్. ఉద్యోగమంతా అక్కడే గడిచింది. తెల్లవారకుండానే బస్సుల వరస పొడుగునా నడుస్తూ, చేతిలో ఇనపరాడ్డుతో ఒక్కో టైరునీ ఒక్క దెబ్బ కొట్టి వినేవారు. గాలి నిండుగా ఉంటే ఠంగుమంటుందట. తగ్గితే బొద్దుమంటుందట. బొద్దుమన్న బస్సు గేటు దాటడానికి వీల్లేదు, లోపల మంత్రిగారున్నా సరే. డిపోలో అందరూ ఆయన్ని ఠంగు మేస్త్రీ అనేవారు. రిటైరైన రోజు గోడగడియారం ఇవ్వబోతే, "అది వద్దు, నా రాడ్డు ఇప్పించండి" అన్నారట. ఇప్పుడా రాడ్డు మా మంచం కింద ఉంటుంది. దొంగలొస్తే పనికొస్తుందని నేననుకుంటాను. దొంగొస్తే నాన్న ముందుగా వాడి బండి టైర్లు కొట్టి చూస్తారని మా అబ్బాయి అంటాడు.

ఒకే ఒక్కసారి, జ్వరమొచ్చి ఆయన సెలవు పెట్టిన రోజున, వెనక టైరు మెత్తబడ్డ బస్సొకటి గేటు దాటేసింది. పెద్దరోడ్డు మీద వేగం అందుకున్నాక ఆ టైరు వేడెక్కి పేలిపోయింది. ఆ డ్రైవరు, మా పెళ్ళికి బస్సు నడిపి అందర్నీ తీసుకొచ్చిన స్నేహితుడు. అతను మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ తర్వాత మావారు ఇంకెప్పుడూ సెలవు పెట్టలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎత్తుకోం. కోడలికి అసలు తెలీదు.

ట్రక్కుతో వచ్చిన టైర్లు అరిగిపోయి ఉన్నాయి. అందుకని ముగ్గురం టైర్ల షాపుకి వెళ్ళాం. నన్నెందుకు తీసుకెళ్ళారంటే, మామాకోడళ్ళు ఇంకా ఒకళ్ళతో ఒకళ్ళు నేరుగా మాట్లాడుకునే దాకా రాలేదు. "మామయ్య కాఫీ తాగుతారేమో అడగండి" అని ఆమె నాకు చెబుతుంది. "అమ్మాయికి చెప్పు, తాగుతానని" అని ఆయన నాకు చెబుతారు. ముగ్గురం ఒకే గదిలో ఉంటాం.

షాపాయన మూడు టైర్లు గోడకి ఆనించి నిలబెట్టాడు. నాకైతే మూడూ నల్లగా, గుండ్రంగా, మధ్యలో ఖాళీగా కనపడ్డాయి. ఆయన మాత్రం పెళ్ళిచూపుల్లో పెద్దమనిషిలా ఒక్కొక్కదాని గుణగణాలూ చెప్పుకొచ్చాడు. మొదటిది రోడ్డు టైరు. నున్నగా, బుద్ధిమంతుడిలా ఉంటుంది. మూడోది బురద టైరు. ఒక్కో దిమ్మా నా అరచెయ్యంత ఉంది.

"డాక్టరమ్మా, ఇదీ టైరంటే! దీన్ని వేసి, బండిని ఒక జానెడు పైకి లేపి, నెత్తిమీద నాలుగు లైట్లు, ముందు ఒక లాగుడు మిషను, పక్కన పొగగొట్టంలా ఇంకోటి పెట్టామనుకోండి..." అంటూ కళ్ళు మూసుకున్నాడు. ఆ బండి ఆయన కళ్ళముందు అప్పటికే నది దాటుతోంది.

"బండిని లేపితే గొర్రెని ఎవరు లేపుతారండీ?" అంది కోడలు.

"ఆఁ?"

"జబ్బు చేసిన గొర్రెని ఎత్తి వెనక వేసుకోవాలి. ఇప్పుడున్న ఎత్తుకే నా నడుం పట్టేస్తోంది. ఇంకో జానెడు లేపితే గొర్రెకి నిచ్చెన వెయ్యాలి."

షాపాయన కళ్ళు తెరిచాడు.

కోడలు మధ్య టైరు దగ్గర కూర్చుంది. మట్టికీ రాళ్ళకీ రోడ్డుకీ పనికొచ్చే రకమట అది. పైనున్న గీతల్ని చూడలేదు ఆ పిల్ల. టైరు పక్కగోడల్ని బొటనవేలితో నొక్కి చూసింది, ఆవు పొట్ట చూసినట్టు. కొండమీద రాళ్ళు అడుగుని కాదు, పక్కల్ని కోస్తాయట. బురద టైర్లు రాళ్ళ మీద గోల చేస్తాయట, వెనకున్న గొర్రెలు బెదురుతాయట. పాత సైజులోనే, పక్కలు మందంగా ఉన్నవి ఏరుకుంది. బండి కింద రాళ్ళు తగలకుండా ఒక ఇనపరేకు, ఇరుక్కుంటే తాడు కట్టి లాగడానికి ముందొక కొక్కెం, వెనకొక కొక్కెం, గొర్రెల కాళ్ళు జారకుండా వెనక రబ్బరు పరుపు. ప్రస్తుతానికి ఇవి చాలంది. లైట్లూ పొగగొట్టమూ లేని ఆ కోరికలు విని షాపాయన ముఖం చిన్నబోయింది.

అప్పటిదాకా నోరు విప్పని మావారు, రోడ్డు టైరు మీద చెయ్యి వేసి, "ఇవైతే చప్పుడు చెయ్యవు. బండి నిలకడగా ఉంటుంది" అన్నారు, నావైపు చూస్తూ.

"నేను ఇవే తీసుకుంటాను మామయ్యా" అంది కోడలు మెల్లిగా. మొదటిసారి నేరుగా అంది, ఆయనతో.

"నీ ఇష్టమమ్మా" అన్నారాయన.

మా ఇంటికి కొత్తయిన పిల్ల కాబట్టి సంతోషించింది. మా ఇంట్లో 'నీ ఇష్టం' అంటే ఏమిటో నాకు తెలుసు గనక గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

మొదటివారం కోడలు కొండెక్కింది. దారిలోని దొడ్లన్నిటికీ టీకాలు వేసింది గానీ, అన్నిటికన్నా పైనున్న దొడ్డికి చేరలేకపోయింది. దారిలో ఒకచోట ఏటవాలు బండ ఉందట, ఎప్పుడూ నీరు ఊరుతూ. దానికి జారుడుబల్ల అని పేరు పెట్టింది. బండి దానిమీద సగందాకా ఎక్కి, టైర్లు ఊరికే గిర్రున తిరిగి, వెనక్కి జారిందట.

"నాకే చేతకాలేదత్తయ్యా. ఇంకొంచెం నేర్చుకోవాలి" అంది.

రెండోవారం కూడా అంతే. ఈసారి టీకాల పెట్టె నెత్తిన పెట్టుకుని నడవబోయిందట. సగం దూరం వెళ్ళేసరికి పెట్టెలో మంచు కరిగిపోయి, టీకాలు పారబోసి వచ్చింది. ఆ రోజు "చేతకాలేదు" అనలేదు. మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుతూ, "టైర్లే తప్పు ఏరుకున్నానేమో" అంది. మావారు వరండాలో పేపరు చదువుతున్నారు. పేపరు కదల్లేదు. తిరగెయ్యాల్సిన పేజీ తిరగెయ్యకుండా చాలాసేపు అలాగే పట్టుకున్నారు.

పై దొడ్డి యజమానురాలు ఒక ముసలామె. ఫోనులో గట్టిగా అరిచి మాట్లాడుతుంది, కొండమీద నుంచి గనక అరవాలనుకుంటుంది కాబోలు. "డాక్టరమ్మా! గొర్రెలు నిండు నెలలతో ఉన్నాయి. ఈ వారం వస్తే వచ్చినట్టు. లేకపోతే నువ్వు పురుడు పోయడానికే రావాలి!" అన్న మాట మాకందరికీ వినపడింది. పెద్ద డాక్టరు కూడా అదే మాట మర్యాదగా అన్నాడట. ఈ వారం కాకపోతే మీసాల డాక్టరు.

కొండకి వెళ్ళే ముందురోజు సాయంత్రం నేను బట్టలు తియ్యడానికి పెరట్లోకి వెళ్తే, ట్రక్కు పక్కనుంచి బుస్సుమని చప్పుడు. పామేమోనని చీపురు పట్టుకుని వెళ్ళాను. చూస్తే కోడలు. చక్రం దగ్గర గొంతుక్కూర్చుని గాలి తీస్తోంది. నన్ను చూసి దొంగలా లేచి నిలబడింది.

"ఇదేం పనే?"

"గట్టిగా అనకండత్తయ్యా, మామయ్యకి వినపడుతుంది." తర్వాత గుసగుసగా చెప్పింది. రాళ్ళ మీద ఎక్కాలంటే టైరు మెత్తగా ఉండాలట. "గుప్పిట బిగించి బండమీద పెట్టండి, జారుతుంది. అరచెయ్యి పరిచి పెట్టండి, అతుక్కుంటుంది. అంతే. కొంత గాలి తీసేస్తే టైరు అరచెయ్యిలా పరుచుకుంటుంది. ప్రతివారం ముందురోజే తీసి పెట్టుకుంటున్నాను. అయినా బండి గుప్పిటలాగే ఎగిరెగిరి పడుతోంది. పోయినవారం అక్కడ గేజి పెట్టి చూస్తే గాలి నిండుగా ఉందని చూపించింది. నేను తీసిన గాలి మళ్ళీ ఎలా వస్తుంది? గేజి పాడైందని కొత్తది కొన్నాను. ఇది కూడా నా టైర్ల లోపమే అయ్యుంటుంది."

"మరి టైర్ల మనిషి ఇంట్లోనే ఉన్నాడు కదే. అడగకపోయావా?"

"ఆయన వద్దన్న టైర్లు కదా" అంది తలొంచుకుని. "పైగా గాలి తీస్తున్నానంటే తట్టుకోలేరు. ఆయనకి చెప్పకండి, ప్లీజ్."

చెప్పనన్నాను.

మర్నాడు తెల్లవారుతుండగా, పాలు కాద్దామని వంటింట్లోకి వచ్చానో లేదో, బయట ఇంకో రకం చప్పుడు. ఉఫ్... ఉఫ్... ఉఫ్. కిటికీలోంచి చూశాను. మంచులో మావారు, నెత్తికి మఫ్లరు, ఒక చెయ్యి ట్రక్కు మీద, ఒక కాలు గాలిపంపు మీద. తొక్కుతున్నారు. ఈమధ్య అప్పుడప్పుడు పొద్దున్నే డాక్టరు చెప్పిన వ్యాయామం అని బయటికెళ్తుంటే, కాలి నొప్పులకేమో అనుకున్నాను. వ్యాయామమే, కాదనలేను.

టీ కప్పుతో బయటికెళ్ళాను. ఆయన కూడా దొంగలాగే నిలబడ్డారు. మా ఇంట్లో ఆ ట్రక్కు చుట్టూ అందరూ దొంగలే.

"ఏమండీ, ఏమిటిది?"

"మెల్లిగా మాట్లాడు, అమ్మాయి లేస్తుంది." నన్ను పక్కకి లాగారు. "ఎవరికీ చెప్పకు. ఆ టైర్లు గాలి ఆపడం లేదోయ్. ఒకటి కాదు, నాలుగూ. కొండకెళ్ళే రోజు పొద్దున్న కొట్టి చూస్తే, బొద్దు, బొద్దు, బొద్దు. కొత్త టైర్లు!"

"మరి చెప్పొచ్చుగా అమ్మాయికి."

"ఎలా చెప్పను? ముచ్చటపడి ఏరుకుంది. అందరి ముందూ ఇవే కావాలంది. ఇప్పుడు నేను వెళ్ళి, నీ టైర్లు కారిపోతున్నాయని చెబితే, చూశావా నేను చెప్పానుగా అన్నట్టుంటుంది. అసలే నేనే తప్పు ఏరుకున్నానని మొన్న మెట్ల మీద కూర్చుని... వద్దులే. నేను నింపి పంపిస్తుంటే సరిపోతుంది. నా కాలు బాగానే ఉంది."

మళ్ళీ తొక్కడం మొదలుపెట్టారు. కాలు బాగా లేదు. ప్రతి తొక్కుకీ పెదవి బిగిస్తున్నారు.

నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు రాలేదు. ఒకరు సాయంత్రం తీస్తారు, ఒకరు పొద్దున నింపుతారు. ఆమె ఆయన గౌరవం కాపాడుతోంది, ఆయన ఆమె టైర్ల పరువు కాపాడుతున్నారు. మధ్యలో పై దొడ్డి గొర్రెలు నెలలు నిండి కూర్చున్నాయి.

అక్కడే చెప్పేయొచ్చు. కానీ ఇద్దరూ చెప్పొద్దన్నారు. అదొకటి. ఇంకొకటి, అక్కడ చెబితే ఆయనకి మిగిలేదేమిటి? ఆ పిల్ల రెండుసార్లు వెనక్కి రావడానికి కారణం తనేనని పెరట్లో నిలబడి తెలుసుకుని, రోజంతా వరండాలో కూర్చుని అదే నములుతారు. తెలిసేదేదో చేతికి పని ఉన్నచోట తెలిస్తే మంచిది. ఆయన మనిషి తత్వం అంత.

లోపలికి వెళ్ళి కోడల్ని లేపి, "ఇవాళ నేనూ వస్తాను. మీ మామయ్యనీ తీసుకెళ్దాం. టీకాల పెట్టె ఒళ్ళో పెట్టుకోవడానికి మనిషి కావాలిగా" అన్నాను.

"ఒక పెట్టెకి ఇద్దరా అత్తయ్యా?"

"ఒకళ్ళు అలిసిపోతే ఇంకొకళ్ళు."

ఆయనతో, "అమ్మాయి ఒంటరిగా వెళ్తోంది. ఆ టైర్లు కారుతున్నాయంటున్నారు. దారిలో ఏమైనా అయితే?" అన్నాను. నా మాట పూర్తయ్యేలోపు ఆయన రాడ్డూ పంపూ తెచ్చుకుని సీట్లో కూర్చున్నారు. మా అబ్బాయి గేటు దగ్గర నిలబడి, జాలిగా, నాకొక నిమ్మకాయ ఇచ్చాడు.

ముందు సీటులో ముగ్గురం. మధ్యలో నేను, నా ఒళ్ళో టీకాల పెట్టె. గేరు మారినప్పుడల్లా నా మోకాలు కూడా మారింది. పాల కేంద్రం దాటి తారు అయిపోగానే బండి ఎగరడం మొదలుపెట్టింది. ప్రతి రాయికీ నా పళ్ళు ఒకదానికొకటి తగిలాయి. కోడలు కళ్ళు చిట్లించి దారివైపు చూస్తూ, "ఇదిగో, ఇలాగే చేస్తుందత్తయ్యా" అంది. మావారు కిటికీలోంచి తల బయటికి పెట్టి, ముందు చక్రాన్ని చూసి, తృప్తిగా వెనక్కి వాలారు. నిండుగా ఉంది మరి.

జారుడుబల్ల దగ్గరికి చేరాం. పెద్ద బండ, ఇంటికప్పంత ఏటవాలు, మీద సన్నగా నీటి పొర. కోడలు ఊపిరి బిగించి ఎక్కించింది. సగం దాకా వచ్చింది బండి. తర్వాత టైర్లు గిర్రుమన్నాయి. బండి వెనక భాగం పక్కకి తిరిగింది. నేను పెట్టెని బిడ్డలా హత్తుకున్నాను. కోడలు మెల్లగా, చాలా జాగ్రత్తగా, వెనక్కి జారనిచ్చి కింద చదునులో ఆపింది.

ఆ పిల్ల రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"మామయ్యా" అంది, ముందుకే చూస్తూ. "మీరు చెప్పింది వినాల్సింది. ఈ టైర్లు పనికిరావు. నేను తప్పు ఏరుకున్నాను. ఇవాళ వెళ్ళి ఈ డ్యూటీ ఆయనకే ఇచ్చెయ్యమని చెప్పేస్తాను."

"టైర్లనేమీ అనకమ్మా" అన్నారు మావారు, దెబ్బ తగిలినట్టు. "కొంచెం కారితే కారుతున్నాయి. దానికి నేను చూసుకుంటున్నాను కదా."

"కారడమేంటి?"

"అదే... గాలి. రోజూ కాదులే. కొండకెళ్ళే రోజే ఎందుకో కారుతున్నాయి. పొద్దున్నే నింపి పంపిస్తున్నాను. నువ్వేం బెంగ పెట్టుకోకు."

కోడలు తిరిగి ఆయన్ని చూసింది. "మీరు నింపుతున్నారా?"

"ఆఁ."

"మామయ్యా, ఆ గాలి నేను తీస్తున్నాను."

"నువ్వా! ఎందుకు?"

తర్వాత ఇద్దరూ కలిసి నన్ను చూశారు. నేను టీకాల పెట్టె మూత సరిగ్గా ఉందో లేదో చూసుకుంటున్నాను.

"అత్తయ్యా, మీకు తెలుసా?"

"నన్నెవరూ ఏమీ అడగలేదమ్మా. చెప్పొద్దని మాత్రం ఇద్దరూ చెప్పారు."

నవ్వుతారనుకున్నాను. కోడలు నవ్వబోయింది కూడా. కానీ మావారి ముఖం చూసి ఆగిపోయింది. ఆయన తలుపు తీసుకుని దిగారు. చక్రం దగ్గరికి వెళ్ళి రాడ్డుతో కొట్టారు. ఠంగ్. కొండంతా వినపడింది. జీవితమంతా ఆయనకి ఇష్టమైన చప్పుడు.

"అయితే రెండుసార్లూ నిన్ను వెనక్కి పంపింది నేనే" అన్నారు.

కోడలు దిగి వెళ్ళింది. తడి బండ దగ్గర గొంతుక్కూర్చుని, గుప్పిట బిగించి పెట్టింది. జారింది. తర్వాత అరచెయ్యి పరిచి పెట్టింది. అతుక్కుంది. ఆయన చూశారు. చూసి, మోకాలు పట్టుకుని, కష్టంగా ఆమె పక్కన కూర్చుని, తన చెయ్యి కూడా పరిచి బండమీద పెట్టారు. రెండు చేతులూ పక్కపక్కన, ఒకటి ముడతలు పడ్డది, ఒకటి టీకాల మందు మరకలది.

"మెత్తటి టైరుతో బండి పంపకూడదమ్మా" అన్నారు, చేతివైపే చూస్తూ. "ఒకసారి వెళ్ళింది. నేను లేని రోజు. మళ్ళీ రాలేదు."

అంతే చెప్పారు. ఇంట్లో ఎన్నడూ ఎత్తని మాట. నేను బండిలో కూర్చుని విన్నాను, పెట్టె మీద నా చేతులు కదల్లేదు.

కోడలు బండ మీంచి చెయ్యి తియ్యకుండానే, "మెత్తటి టైరు పేలేది రోడ్డు మీద, వేగంగా వెళ్తేనే మామయ్యా. అక్కడ మీరు చెప్పిందే రైటు. ఇక్కడ నేను నడిచినంత మెల్లగా వెళ్తాను. కిందికి దిగి తారు ఎక్కేముందు మళ్ళీ నింపుతాను. నింపకుండా ఒక్క అడుగు కూడా వెయ్యను" అంది.

"ఒట్టేనా?"

"ఒట్టు."

ఆయన లేచారు. మొదటి చక్రం మూత ఆయనే విప్పారు. విప్పి, వేలు వాల్వు మీద పెట్టి, నొక్కకుండా కొంచెంసేపు అలాగే ఉండిపోయారు. ఎన్ని టైర్లు నింపిన వేలో అది. తర్వాత నొక్కారు. బుస్సుమంది.

"చాలినప్పుడు చెప్పమ్మా. నాకు దీని సంగతి తెలీదు."

"ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు మామయ్యా."

రాడ్డుతో కొట్టారు. బొద్దు కాదు, ఠంగూ కాదు. మధ్యలో ఏదో, తలుపు మీద మెత్తగా తట్టినట్టు. మళ్ళీ ఒకసారి కొట్టి, తల వంచి విన్నారు. "ఊఁ" అని రెండో చక్రం దగ్గరికి వెళ్ళారు. నాలుగోదాని దగ్గర, ఆమె చాలనక ముందే ఆయన వేలు తీసేశారు. ఆమె గేజి పెట్టి చూసి నవ్వింది.

నన్ను దిగమన్నారు. బరువు తగ్గించడానికట. నా వయసులో ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. పెట్టె సీటు మీద కట్టేసి, పక్కనుంచి నడిచి నేను ముందే పైకెక్కి నిలబడ్డాను. మావారు బండ మొదట్లో ఒక పక్కగా నిలబడి, డిపోలో బస్సుల్ని వెనక్కి తీయించినట్టు చెయ్యి ఊపుతూ అరిచారు.

"రైట్... రైట్... కుడికి కొయ్యి... రైట్... ఆపకు తల్లీ, ఆపకు... రైట్..."

టైర్లు బండని పట్టుకున్నాయి. నిజంగానే అరచేతుల్లా, ఒకదాని తర్వాత ఒకటి, పరుచుకుంటూ ఎక్కాయి. ఎగరలేదు, గిర్రున తిరగలేదు. బండి నా పక్కకి వచ్చి నిలబడింది. కింద నుంచి "హోల్డాన్!" అని గట్టిగా వినపడింది. ఆ గొంతు నేను డిపో రోజుల తర్వాత మళ్ళీ వినలేదు.

పై దొడ్డి ముసలామె గడప దగ్గరే నిలబడి ఉంది. ఎదురుగా ఉన్నా ఫోనులో అరిచినట్టే అరిచింది. "ఇన్నాళ్ళకా రావడం! నిన్ను నమ్ముకుని నా గొర్రెలు నొప్పులు ఆపుకుంటున్నాయి!" మందలో అన్నిటికీ టీకాలు అయ్యేదాకా మావారు ఒక్కో గొర్రెనీ పట్టుకున్నారు, నేను సూదులు అందించాను. ఆ గొర్రెలు కోడలు చెప్పినట్టే పారిపోలేదు. వాటికింకా డాక్టరంటే తెలీదు. వచ్చేవారానికి తెలుస్తుంది పాపం.

తిరిగి వచ్చేటప్పుడు పాల కేంద్రం దగ్గర, తారు మొదలయ్యే గీత ముందు, కోడలు బండి ఆపింది. చెప్పినట్టే ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. మావారు పంపు దించారు. రెండో టైరు సగంలో ఉండగా ఆమె ఆయన కాలిపక్కన తన బూటు పెట్టి, "తప్పుకోండి మామయ్యా, ఇప్పుడు నా వంతు" అంది. ఆయన "నాకేం పర్లేదు" అన్నారు. ఆమె కాలు తియ్యలేదు. కాసేపు ఒకరు, కాసేపు ఒకరు తొక్కారు. పాలు పొయ్యడానికొచ్చినవాళ్ళు బిందెలు దించి మరీ చూశారు.

డ్యూటీ కోడలికే ఉంది. పెద్ద డాక్టరు మర్యాదగానే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ముగ్గురం మళ్ళీ టైర్ల షాపుకి వెళ్ళాం. షాపాయన ఆశగా లైట్లు తీశాడు. కోడలు, బ్యాటరీతో నడిచే చిన్న గాలిమిషను అడిగింది. "కాలితో తొక్కడం కష్టం కదా మామయ్యా, తీసుకుందామా?" అని ఆయన్నే నేరుగా అడిగింది. నేను క్యాలెండరు వైపు తిరగబోయాను.

"నీ ఇష్టమమ్మా" అన్నారు.

ఆయన ముఖం చూశాను. క్యాలెండరు అక్కర్లేకపోయింది.

ఇప్పుడు కొండకెళ్ళే రోజు పొద్దున్నే ఇద్దరూ కలిసి పాల కేంద్రం దాకా వెళ్తారు. తారు దాటాక ఆయన గాలి తీసి, కొట్టి, విని, "రైట్" అంటారు. ఆమె పైకి వెళ్తుంది, ఆయన నడిచి ఇంటికొస్తారు. సాయంత్రం ఎండ వాలుతుండగా రాడ్డు తీసుకుని మళ్ళీ వెళ్ళి, అక్కడి బెంచీ మీద కూర్చుంటారు. ఆమె ఆలస్యమైతే లేచి నిలబడతారు. మిషను గాలి కొడుతుంది. ఆఖర్న కొంచెం మాత్రం ఆయన కాలితోనే తొక్కుతారట, మిషనుకి నమ్మకం చాలదని.

నేను వంటింట్లోనే ఉంటాను. మా వీధి చిన్నది, అన్నీ వినపడతాయి. ఠంగ్. కాసేపాగి, ఠంగ్. మళ్ళీ ఒకటి. నాలుగోది వినపడగానే టీకి నీళ్ళు పెడతాను. అవి మరిగేలోపు ఇద్దరూ గేటు తీసుకుని వస్తారు.